పని చెట్టు నీడలో

కార్తీకమాసం వచ్చేసరికి మా వీధి చివర ఆకాశమల్లె చెట్టు పూస్తుంది. పొద్దున్నే పాలకి వెళ్లేటప్పుడు రోడ్డు మీద పొడుగు కాడల తెల్లపూలు పరుచుకుని ఉంటాయి. మున్సిపాలిటీవాళ్లు ఊడ్చేలోపు నాలుగు ఏరుకుని కొంగులో వేసుకుంటాను. "ఏంటత్తయ్యా, దేవుడికా?" అని అడిగింది మొన్న మా కోడలు. దేవుడికి కాదమ్మా అన్నాను గానీ, మరెందుకో చెప్పాలంటే చాలా చెప్పాలి. అదే ఇక్కడ రాస్తున్నాను.

ఆ వాసన నాకు ఆరోవిల్ వాసన. పాండిచ్చేరికి ఉత్తరాన పది కిలోమీటర్ల దూరంలో, ఎర్రమట్టి మెట్ట మీద, దేశదేశాల మనుషులు కలిసి బతికే ఊరు ఆరోవిల్. పేరుకి పాండిచ్చేరి అంటాం గానీ, నేల చాలావరకు తమిళనాడుదే, అప్పట్లో దక్షిణ ఆర్కాటు జిల్లా. అక్కడి దారుల పక్కన ఆకాశమల్లెలు ఉండేవి. పాండిచ్చేరి అరవిందాశ్రమంలో శ్రీమాత పూలన్నిటికీ తనకి తోచిన పేర్లు పెట్టారు. ఆకాశమల్లె "పరివర్తన", పచ్చతురాయి "సేవ", ఆస్ట్రేలియా తుమ్మ "పని". తోటలో కూలికి వచ్చే ఆడవాళ్లు కూడా తమిళం మధ్యలో "వర్క్ చెట్టు కింద పెట్టాను చూడు" అనేవాళ్లు. నా వయసులో మంచి రోజులు కొన్ని ఆ వర్క్ చెట్ల కిందే గడిచాయి.

*

మాది యానాం. యానాం పిల్లలకి పై చదువంటే పాండిచ్చేరే. కాకినాడలో సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లారి మద్రాసులో దిగి, బస్సులో తిండివనం మీదుగా వెళ్లేవాళ్లం. ట్రంకు పెట్టె, ఆవకాయ జాడీ, అమ్మ కట్టిచ్చిన పులిహోర. నేను బోటనీ డిగ్రీ. హాస్టల్లో ఆదివారం పూట అద్దె సైకిళ్లు తీసుకుని కొట్టకుప్పం దాటి, సముద్రం పక్క రోడ్డు పట్టి, పెరియ ముదలియార్ చావడి దగ్గర ఎడమకి తిరిగేవాళ్లం. అక్కడినుంచి ఎర్రమట్టి రోడ్డు, మెల్లగా ఎత్తు ఎక్కుతుంది. తొక్కలేక దిగి సైకిల్ నడిపించుకుంటూ వెళ్తుంటే చెమటతో వీపు తడిసిపోయేది. కుయిలాపాలయం ఊరు దాటాక ఒకచోట చెట్లు మొదలయ్యేవి. గాలి మారిపోయేది. చల్లదనం మొహానికి తగిలేది. బోటనీ పుస్తకాల్లో అడవి గురించి చదివిందాన్ని గానీ, నాకంటే కొంచెమే పెద్దదైన అడవి ఒకటి ఉంటుందని, దాన్ని మనుషులు చేత్తో పెంచారని అక్కడే తెలిసింది.

హాస్టల్లో దాన్ని హిప్పీల ఊరు అనేవాళ్లు. డిగ్రీ అయ్యాక నేను అక్కడ ఒక నర్సరీలో పనికి చేరతానని ఉత్తరం రాస్తే మా నాన్నగారు, "మొక్కలకి నీళ్లు పోయడానికా నిన్ను అంతదూరం పంపి చదివించింది?" అని రాశారు. తర్వాత ఆయనే ఒకసారి వచ్చి చూసి, మూడు రోజులు ఉండి, వెళ్లేటప్పుడు నాలుగు వేప మొక్కలు యానాం పట్టుకెళ్లారు. వేప మొక్కలు మా ఊళ్లో లేక కాదు.

*

మొదట్లో వచ్చినవాళ్లు అప్పటికి నడివయసులో ఉన్నారు. సాయంత్రం పని అయ్యాక టీ తాగుతూ వాళ్లు చెప్పే కబుర్ల కోసం నేను కాచుకుని కూర్చునేదాన్ని.

1968 ఫిబ్రవరి 28న ఆ మెట్ట మీద పెద్ద సభ జరిగింది. 124 దేశాల నుంచీ, మన రాష్ట్రాల నుంచీ యువతీ యువకులు గుప్పెడేసి మట్టి తెచ్చి, తామరమొగ్గ ఆకారంలో ఉన్న పాలరాతి కలశంలో పోశారు. జాతి, మతం, దేశం అడ్డు లేకుండా మనుషులు కలిసి బతికే ఊరు ఒకటి ఉండాలని శ్రీమాత కోరిక. ఆమె పుట్టింది పారిస్‌లో, అసలు పేరు మీరా అల్ఫాసా. 50,000 మందికి సరిపడే నగరం అనుకున్నారు. రోజె ఆంజే అనే ఫ్రెంచి ఆర్కిటెక్టు సుడి తిరుగుతున్న నక్షత్రమండలంలా ప్లాను గీశారు. ఆ నగరానికి నడిబొడ్డు ఏదని చూస్తే అక్కడ ఉన్నది ఒక మర్రిచెట్టు.

ఆ మర్రి తప్ప చుట్టుపక్కల నీడ లేదని అందరూ చెప్పేవాళ్లు. అక్కడక్కడ తాటిచెట్లు, జీడిమామిడి తోటలు, ఊళ్ల దగ్గర వేపలు. మిగతాదంతా బోసి నేల. ఒకప్పుడు అక్కడ దట్టమైన అడవి ఉండేది. కొట్టేశారు. ఆ తర్వాత ప్రతి ఈశాన్య రుతుపవనానికీ పైమట్టి కొట్టుకుపోయి, మనిషి నిలువులోతుకి మించిన గండ్లు పడ్డాయి. వాన పడితే నీళ్లు ఇంకేవి కావు, ఎర్రగా పారి బంగాళాఖాతంలో కలిసేవి. తీరం పొడుగునా సముద్రం ఎర్రబడేదట.

అలాంటి నేల మీదకి వచ్చారు వీళ్లు. అమెరికా, ఫ్రాన్సు, జర్మనీ, హాలండు. 1969లో పారిస్ నుంచి వ్యాన్లలో రోడ్డు దారిన వచ్చినవాళ్లు ఉన్నారు. యూనివర్సిటీ మధ్యలో వదిలేసినవాళ్లు, యుద్ధం వద్దనుకున్నవాళ్లు, ఉద్యోగం మెట్లు ఎక్కడం ఇష్టంలేనివాళ్లు. నగరం కడదామని వచ్చారు. ఎండాకాలం ఒక్కటి గడిచేసరికి నీడ లేకుండా మనిషే ఉండలేడని అర్థమైంది. మొక్కలు నాటారు, ఎండిపోయాయి. మళ్లీ నాటారు, మేకలు తినేశాయి. బిందెలతో, ఎడ్లబండి మీద పీపాలతో నీళ్లు తెచ్చి పోశారు. మొదటి రెండు మూడేళ్లు తన మడిలో బతికిన ప్రతి మొక్కనీ తనకి ముఖంతో గుర్తు అని చెప్పింది ఒకావిడ.

*

చెట్టు కంటే ముందు నీళ్లు. ఇది వాళ్లు నేర్చుకున్న మొదటి పాఠం, నేను ఇప్పటికీ ఎవరు మొక్కలు నాటుతున్నామన్నా ముందు చెప్పే మాట.

వాన నీళ్లు పడినచోటే ఇంకిపోవాలి, ఒక్క చుక్క కూడా గండిలోకి పోకూడదు. దానికోసం ప్రతి నేలచెక్కకీ చుట్టూ మట్టికట్ట. వాలుకి అడ్డంగా కట్ట, కట్ట వెనక కందకం. గండ్లలో కిందినుంచి పైదాకా వరసగా మట్టి, రాళ్ల అడ్డుకట్టలు. పైనుంచి వచ్చే నీళ్ల వేగం తగ్గకపోతే కింద ఎంత బలంగా కట్టినా నిలవదు. అందుకని పైచెక్క పని అయ్యాకే కిందిచెక్క. కట్ట మీద మట్టి జారకుండా గడ్డి, కలబంద నాటేవాళ్లం.

ఆ కట్టల పనిలో నాకు పెద్దమ్మ పరిచయమైంది. పేరు రాయను. తమిళనాడులో తరతరాలుగా ఉంటూ, ఇంట్లో తెలుగే మాట్లాడే వడ్డెర కుటుంబం వాళ్లది. చెరువులు తవ్వడం, కట్టలు పొయ్యడం, రాయి కొట్టడం వాళ్ల తాతల నాటి పని. నేను తట్టతో మొక్కలు మోసుకుంటూ పక్కనున్న అమ్మాయితో ఏదో అని, విసుగ్గా తెలుగులో గొణుక్కుంటే, గడ్డపార ఆపి ఇటు తిరిగింది. "ఏం పాపా, తెలుగుదానివా? ఏ ఊరు నీది? తింటివా పొద్దున?" అంది. ఊరుగాని ఊళ్లో అమ్మమాట వినేసరికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ రోజునుంచి నా మధ్యాహ్నం భోజనం ఆవిడ పక్కనే. ఆవిడ రాగి కూళు, అంటే అంబలి, నంజుకోడానికి ఉల్లిపాయ, ఎండుమిరపకాయ. నా ఆవకాయ ముక్క ఆవిడ కూళులోకి.

మేస్త్రీలు వాడే ట్యూబులో నీళ్లు నింపి తెల్లవాళ్లు నేల మట్టం చూసేవాళ్లు. పెద్దమ్మ ట్యూబుని కాదనేది కాదు. కానీ తొలివాన పడుతుంటే అందరూ గుడిసెల్లోకి పరిగెత్తేవేళ ఆవిడ గోనెసంచి నెత్తిన వేసుకుని బయటికి వచ్చేది. నీళ్లు ఎక్కడ ఆగుతున్నాయి, ఎక్కడ జారుతున్నాయి, ఎక్కడ మట్టి కోస్తోంది, చూసుకుంటూ పుల్లలు గుచ్చుకుంటూ పోయేది. వాన వెలిశాక ఆ పుల్లల వెంట కట్ట. ట్యూబు లెక్కకీ పెద్దమ్మ పుల్లలకీ తేడా వచ్చినచోట, పుల్లలే గెలిచేవి. దాన్ని అక్కడి అడవి పని పెద్దలు కూడా ఒప్పుకున్నారు.

ఆరోవిల్ గురించి ఎక్కడ ఫోటోలు చూసినా తెల్లముఖాలే ముందు కనిపిస్తాయి. వాళ్ల త్యాగం చిన్నది కాదు, నేను కళ్లారా చూశాను. వాళ్లు అక్కడికి రాకపోతే ఆ నేల అలాగే సముద్రంలోకి పోయేది. కానీ ఆ అడవి కుయిలాపాలయం, ఎడయంచావడి, ఆలంకుప్పం ఊళ్ల చేతులతో లేచింది. రోజుకూలికి వచ్చిన చేతులు. ఎక్కడ ఏ గింజ పడితే మొలుస్తుందో, ఏ చెట్టు ఆకు పుండుకి కట్టాలో, ఏ నెలలో గాలి ఎటు తిరుగుతుందో తెలిసిన మనుషులు. ఆ పేర్లు ఏ పలక మీదా లేవు. ఇది చెప్పకుండా ఆరోవిల్ కథ చెప్పడం నాకు ఇష్టం ఉండదు.

*

మేముండే గుడిసెలకి రాతికూసాల మీద సరుగుడు బొంగులు కట్టి, కొబ్బరాకులు అల్లి కప్పు వేసేవాళ్లు. మేకు ఒక్కటి లేదు, అంతా కొబ్బరిపీచు తాడు. రాతికూసాలు చెదల కోసం. చెద రాయి ఎక్కితే ఆ మట్టిగీత కనిపిస్తుంది, చీపురుతో దులిపెయ్యొచ్చు. రెండు మూడేళ్లకోసారి కప్పు మార్చాలి. కొత్త కప్పు వేసిన రోజు పచ్చి కొబ్బరాకు వాసనకి నిద్ర పట్టేది కాదు.

రాత్రిళ్లు చప్పుళ్లు ఎన్నో. నీళ్లు తోడే గాలిమర తిరుగుతూ కిర్రు కిర్రుమనేది. గాలి ఆగి అది ఆగిపోతే మెలకువ వచ్చేది. నవంబరులో కప్పలు. దూరంగా ఊళ్లో ద్రౌపది అమ్మన్ తిరునాళ్లప్పుడు తెల్లవార్లూ తెరుక్కూత్తు వీధినాటకం పాటలు, డప్పులు. అన్నిటికంటే నక్కల కూత. నేను చేరిన మొదట్లో నక్కలు ఉన్నాయని ఎవరైనా చెబితే వార్త. నేను వచ్చేసేనాటికి రోజూ వినపడేవి. పునుగుపిల్లి, ముంగిసలు, రకరకాల పిట్టలు. వీటిని ఎవరూ తెచ్చి వదల్లేదు. నీడ, నీళ్లు దొరికాయి, వచ్చాయి.

తిండి గురించి చెప్పాలంటే, భూమి మీద ఆధారపడి బతకాలన్నది వాళ్ల కోరికే గానీ పూర్తిగా ఎప్పుడూ కుదరలేదు. రాగులు, సజ్జలు, అరికెలు, కొంచెం వరి, నువ్వులు, బొప్పాయి, జీడిపప్పు పండేవి. మిగతాది బజారు నుంచే. "పూర్ తూ" అని ఒక ఉమ్మడి కొట్టు ఉండేది. ఆ వారం ఉన్న సరుకుని బుట్టల్లో సర్ది పంచేవాళ్లు. బుట్టలో మూడు వారాలు వరసగా గుమ్మడికాయే వస్తే గుమ్మడికాయే తినాలి. గుమ్మడికాయ పులుసు, గుమ్మడికాయ సూప్, గుమ్మడికాయ రొట్టె. నేను దప్పళం పెట్టి చూపించాను. ఒక జర్మన్ ఆయన బెల్లం ఎంత, చింతపండు ఎంత అని కాగితం మీద రాసుకున్నాడు. కుయిలాపాలయం బేకరీలో రొట్టెలు కాలే వాసన తెల్లవారుజామున సైకిల్ మీద వెళ్తుంటే దారి మధ్యలోనే అందేది.

మధ్యలో గొడవలు కూడా జరిగాయి. 1973లో శ్రీమాత పోయాక ఆ ఊరు ఎవరి పెత్తనం కింద ఉండాలన్న దాని మీద ఏళ్ల తరబడి తగువు నడిచి, 1980లో కేంద్రం కలగజేసుకుంది. 1988లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసింది. నేను వెళ్లేసరికి అవి పాత కబుర్లు. ఊరి నడిమధ్య ధ్యానమందిరం మాత్రిమందిర్ మాత్రం అప్పటికింకా బంగారు బిళ్లలు లేని సిమెంటు గోళం. 1971లో శంకుస్థాపన జరిగితే 2008కి పూర్తయింది. కాంక్రీటు పోసే రాత్రుళ్లు ఊరంతా వరసగా నిలబడి తట్టలు చేతులు మార్చుకునేవాళ్లమని చెప్పేటప్పుడు ఆ పెద్దవాళ్ల ముఖాల్లో వెలుగు చూడాలి.

*

ఆస్ట్రేలియా తుమ్మ ఆ నేలకి దాదిలాంటిది. సారంలేని మట్టిలో కూడా గబగబా ఎదుగుతుంది, వేళ్ల బొడిపెల్లో నత్రజని పట్టి నేలకిస్తుంది, కుప్పలుగా ఆకు రాలుస్తుంది. కొమ్మలు వంటచెరకు. ఊళ్ల ఆడవాళ్లకి పుల్లల కోసం దూరం పోయే బాధ తప్పింది. కానీ అది ఆ మెట్ట సొంత చెట్టు కాదు. అక్కడి పాత అడవి వేరు. తూర్పు తీరంలో అక్కడక్కడ మాత్రమే మిగిలిన రకం, ఎండాకాలంలో కూడా ఆకు రాల్చని పొట్టి చెట్ల అడవి. పాల, అల్లి, అడవినిమ్మ, నేరేడు లాంటివి. వాటి గింజలు ఎక్కడ దొరకాలి? దేవుడి తోపుల్లో.

పుత్తుపట్టు అయ్యనార్ గుడి చుట్టూ ఉన్న తోపు అలాంటిది. దేవుడిదని భయపడి ఎవరూ కొమ్మ విరవరు కాబట్టి మిగిలింది. మేం గింజల కోసం వెళ్తే ముందు గుడిలో చెప్పుకుని, చెప్పులు విడిచి లోపలికి వెళ్లేవాళ్లం. రాలినవే ఏరాలి, చెట్టు మీదవి కోయకూడదు. ఆ చీకటి, తీగలు, ఆకుకుళ్లు వాసన, పిట్టలు. పెద్దమ్మ అక్కడ గొంతు పెంచి మాట్లాడనిచ్చేది కాదు. తెచ్చిన గింజల్ని ఏ రోజు ఏరాం, ఏ చెట్టు, ఎన్ని నానబెట్టాం, ఎన్ని మొలిచాయి అని నోటుబుక్కులో రాయడం నా పని. నా బోటనీ చదువు మొత్తం అక్కడ అక్కరకొచ్చింది. తుమ్మల నీడలో ఆ మొక్కలు పెట్టేవాళ్లం. ఏడాదికి జానెడు ఎదిగితే ఎక్కువ. తుమ్మ అప్పటికి తాటి ఎత్తు.

ఆ తర్వాత నాన్నగారికి ఒంట్లో బాగోక యానాం వచ్చేశాను. పెళ్లి, కాకినాడ, పిల్లలు, స్కూల్లో సైన్సు టీచరు ఉద్యోగం. ఉత్తరాలు కొన్నాళ్లు నడిచాయి.

*

2011 డిసెంబరు 30న థానే తుపాను కడలూరు, పాండిచ్చేరి మధ్య తీరం దాటింది. టీవీలో చూస్తూ నా ప్రాణం నిలవలేదు. సెలవు పెట్టి వెళ్లాను. తుమ్మలు వరసలకి వరసలు పడిపోయి ఉన్నాయి. వేళ్లు పైకి లేచి, దారులు మూసుకుపోయి, ఏ మడి ఏదో తెలియలేదు. నేను తిరిగిన దారి కోసం వెతుక్కుంటుంటే ఒక కుర్రాడు ఎదురొచ్చి, "మీరు యానాం అక్క కదా, మా అవ్వ చెప్పేది" అన్నాడు తెలుగులో. పెద్దమ్మ మనవడు. పెద్దమ్మ పోయి అప్పటికి కొన్నేళ్లు.

అతను నన్ను పడిన చెట్ల మీంచి దాటించి లోపలికి తీసుకెళ్లాడు. తుమ్మలు పడ్డచోట ఎండ నేలదాకా దిగింది. ఆ ఎండలో మేం పెట్టిన పాల, అల్లి మొక్కలు నిలబడి ఉన్నాయి, నా భుజం దాటి. గాలికి కొమ్మలు విరిగాయి గానీ, పడలేదు. వాటి చుట్టూ మేం పెట్టనివి, పిట్టలు వేసిన గింజలవి కొత్త మొలకలు. ఆ కుర్రాడు అప్పటికే చెన్నై వెళ్లి అడయార్ పూంగా అనే పార్కులో పనిచేసి వచ్చాడు. చెత్తతో పూడిపోయిన అడయారు కయ్యని మళ్లీ పచ్చగా చేసే పనికి ఆరోవిల్ అడవి మనుషుల్నే పిలిచారు. కట్టలు ఎలా వెయ్యాలో అక్కడివాళ్లకి నేర్పాను అని చెబుతుంటే అచ్చం వాళ్లవ్వ గొంతే.

ఇప్పుడక్కడ దాదాపు 60 దేశాలవాళ్లు, 3,000కి పైగా జనం. నాటిన చెట్లు 20 లక్షలకు పైగా అంటారు. 50,000 మంది నగరం రాలేదు. 2021 డిసెంబరులో, ప్లానులో ఉన్న గుండ్రటి క్రౌన్ రోడ్డు కోసం యంత్రాలు వచ్చి చెట్లు కొట్టాయి. కొందరు పిల్లలు అడ్డంగా నిలబడ్డారు. గొడవ గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లింది, పర్యావరణ అనుమతి లేకుండా ముందుకు పోవద్దని 2022లో అది ఇచ్చిన ఉత్తర్వుని 2025లో సుప్రీంకోర్టు పక్కనపెట్టింది. నగరం ప్లాను మొదటినుంచీ ఉంది కదా అనేవాళ్ల మాట అబద్ధం కాదు. కానీ ఆ ప్లాను గీసిననాడు ఆ నేల మీద చెట్లు లేవు. ఇప్పుడున్నాయి. వాటిని పెంచినవాళ్లలో చాలామంది ఇంకా బతికే ఉన్నారు. రోడ్డు గీత నాలుగు అడుగులు పక్కకి జరగలేదా అని నేను అడుగుతాను. ఎవరు అడిగినా ఇదే అంటాను.

2024 నవంబరు ఆఖర్లో ఫెంజల్ తుపానుకి పాండిచ్చేరిలో ఒక్కరోజులో 45 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. మర్నాడే పెద్దమ్మ మనవడికి ఫోన్ చేశాను. అవ్వ వేసిన కట్టలు ఒక్కచోట తప్ప ఎక్కడా తెగలేదని చెప్పాడు. తెగినచోట వాన వెలిశాక మట్టి పోసి గడ్డి నాటించాడట. పాల గింజలు మాత్రం సరిగ్గా మొలవడం లేదక్కా, అప్పట్లో మీరు ఏం చేసేవాళ్లు అని అడిగాడు. నోటుబుక్కు ఇంకా నా దగ్గరే ఉంది. తీసి చూసి, పైపెంకుని గరుకురాయి మీద కొంచెం అరగదీసి, రాత్రంతా నానబెట్టి, ఎండ తగలని మడిలో వేసి చూడమన్నాను. సగం అలా, సగం మామూలుగా వేసి తేడా చెబుతానన్నాడు.